ఫ్లష్ లుక్‌కు ఏది మేలు: స్పేసరా, ఆఫ్‌సెట్ మార్చిన అలాయ్ వీలా?

కొత్త కారును వెనుక నుంచి కాస్త వంగి చూస్తే, టైరు ఫెండర్ అంచు దాకా రాకుండా వేలెడు లోపలే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. అయిదుగురు కూర్చుని డిక్కీ నిండా సామాను వేసి స్పీడ్ బ్రేకర్ మీద దూకించినా టైరు ఎక్కడా రాసుకోకూడదని తయారీదారు వదిలిన ఖాళీ అది. మన దగ్గర ఎవరూ వాడని మంచు గొలుసులకు సైతం యూరప్ కార్లలో అక్కడ చోటు ఉంచుతారు. ఆ ఖాళీని తగ్గించి టైరును బాడీ అంచుకు సమంగా తేవడాన్నే ఫ్లష్ ఫిట్‌మెంట్ అంటారు. అందుకు రెండు దారులున్నాయి. హబ్‌కూ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) రిమ్‌కూ మధ్య స్పేసర్ అనే అల్యూమినియం పలక పెట్టడం ఒకటి, తక్కువ ఆఫ్‌సెట్ ఉన్న, అంటే చక్రాన్ని ఇంకాస్త బయటికి నిలిపే వేరే అలాయ్ వీల్స్ కొనడం ఇంకొకటి. ఏమీ చేయకుండా వదిలేయడం మూడో దారి అనుకుంటే, దానికీ ఈ పోటీలో చోటు ఉంది.

దుకాణానికి వెళ్లేముందు కొలత తీసుకోవాలి. ఒక దారానికి నట్టు కట్టి, ఫెండర్ అంచున చక్రం మధ్యకు సరిగ్గా ఎదురుగా టేపుతో అంటించి వేలాడదీయండి. దారం ఊగడం ఆగాక, దానికీ టైరు బయటికి ఉబ్బిన చోటికీ మధ్య దూరాన్ని స్కేలుతో చూడండి. నా ఫోక్స్‌వ్యాగన్ పోలోకు ముందు 14, వెనుక 21 మిల్లీమీటర్లు వచ్చింది. ముందూ వెనుకా ఇలా తేడా ఉండటం మామూలే కనుక, నాలుగింటికీ ఒకే మందం స్పేసర్లు అంటగట్టే దుకాణదారు కారును కొలవకుండానే సరుకు అమ్ముతున్నాడని అర్థం. వచ్చిన అంకెలో కనీసం 5 మిల్లీమీటర్లు వదిలి మిగిలినదాన్నే వాడుకోవాలి.

స్పేసర్ పెడితే బేరింగులు పోతాయని, అలాయ్ మారిస్తే ఏ బాధా లేదని చాలామంది నమ్మకం. ఇది సగమే నిజం. హబ్‌కు ఆనుకునే తలం రిమ్ వెడల్పు మధ్యగీత నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే కొలతే ఆఫ్‌సెట్. దాన్ని ఈటీ అనే అక్షరాలతో రిమ్ మీదే ముద్రిస్తారు. ఈటీ 40 ఉన్న రిమ్ వెనుక 15 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టినా, అదే వెడల్పులో ఈటీ 25 రిమ్ కొన్నా, టైరు ఒకే చోట నిలబడుతుంది, బేరింగ్ మీద పడే మెలి బరువూ ఒకటే అవుతుంది. చక్రం ఎంత బయటికి జరిగిందన్నదే బేరింగ్‌కు లెక్క, ఏ వస్తువుతో జరిగిందన్నది కాదు. స్టీరింగ్ సంగతీ ఇంతే. స్టీరింగ్ తిరిగే ఇరుసు రేఖను కిందికి పొడిగిస్తే నేలను తాకే చోటుకూ, టైరు నేలకు ఆనే భాగపు మధ్యకూ ఉండే దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. ముందు చక్రాలను బయటికి జరిపితే అది మారి, ఒక చక్రం ఇసుకలోనో గుంతలోనో ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే స్టీరింగ్ చేతుల్లో ఒక పక్కకు లాగుతుంది. ఈ నష్టం రెండు దారుల్లోనూ సమానమే కాబట్టి, పోల్చవలసింది మిగిలిన వాటిని.

స్పేసర్ అసలు బలహీనత అదనపు అతుకు. స్విఫ్ట్, ఐ20 వంటి కార్లలో హబ్‌కు స్టడ్లు (బయటికి పొడుచుకు వచ్చిన మర కడ్డీలు) ఉండి వాటిపై నట్లు బిగిస్తారు. మధ్యలో పలక చేరితే ఆ మేరకు మర తగ్గిపోతుంది. స్టడ్ మందం ఎంతో కనీసం అంత పొడవున మర పట్టాలన్నది పాత లెక్క. 12 మిల్లీమీటర్ల స్టడ్‌కు పిచ్, అంటే ఒక చుట్టుకు నట్టు కదిలే దూరం, 1.5 మిల్లీమీటర్లయితే నట్టు కనీసం ఎనిమిది చుట్లు తిరగాలి. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టినప్పుడు అయిదు చుట్లకే ఆగిపోతే ఆ కారును రోడ్డెక్కించకూడదు. పొడవాటి స్టడ్లు వేయించాలి, లేదా సొంత స్టడ్లున్న బోల్ట్ ఆన్ స్పేసర్ వాడాలి. ఆ రకం మందంగానే, సుమారు 20 మిల్లీమీటర్లు, ఆ పైన దొరుకుతుంది. పోలో వంటి కార్లలో స్టడ్లు లేకుండా బోల్టులే నేరుగా హబ్‌లోకి దిగుతాయి కాబట్టి, స్పేసర్ ఎంత మందమో బోల్టు అంత పొడవు పెరిగితే చాలు.

రెండోది మధ్య రంధ్రం. నేను మొదట వేయించుకున్న స్పేసర్లు ఏ కారుకైనా సరిపోతాయని చెప్పి అమ్మిన రకం. పోలో హబ్ మధ్య ఉబ్బు వ్యాసం 57.1 మిల్లీమీటర్లు కాగా వాటి రంధ్రం అంతకంటే స్పష్టంగా పెద్దది. ఊళ్లో ఏమీ తెలియలేదు గాని, ఔటర్ రింగ్ రోడ్డు మీద 90 దాటగానే స్టీరింగ్ సన్నగా వణకడం మొదలైంది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు. విప్పి చూస్తే, చక్రం హబ్ మీద కాక బోల్టుల మీదే వేలాడుతోందని, కేంద్రం అటూ ఇటూ జరిగిందని తేలింది. హబ్‌కు సరిగ్గా కూర్చుని, బయటి వైపు రిమ్ కూర్చోవడానికి సొంత లిప్ (ఉబ్బెత్తు అంచు) ఉన్న హబ్ సెంట్రిక్ రకానికి మార్చాక వణుకు పోయింది. 3, 5 మిల్లీమీటర్ల పలుచటి బిళ్లలకు ఆ లిప్ సాధారణంగా ఉండదు. పైగా రిమ్ కూర్చోవలసిన హబ్ లిప్‌లో కొంత భాగాన్ని అవే మింగేస్తాయి. పలుచగా ఉంటే క్షేమమన్న ఊహ ఇక్కడ తలకిందులవుతుంది.

ఇక అలాయ్ వీల్స్‌లో అదనపు అతుకు లేదు, బోల్టుల పొడవు మార్చే పనీ చాలావరకు ఉండదు. కానీ మోసపోవడానికి అక్కడ వేరే చోట్లున్నాయి. ఈటీ ఒక్కటే చూసి కొనేవారు వెడల్పును మరచిపోతారు. 6 అంగుళాల ఈటీ 40 రిమ్ తీసి 7 అంగుళాల ఈటీ 35 రిమ్ వేస్తే, తేడా 5 మిల్లీమీటర్లే అనిపించినా బయటి అంచు 17.7 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది, లోపలి అంచు 7.7 మిల్లీమీటర్లు సస్పెన్షన్ వైపు జరుగుతుంది. స్పేసర్ అయితే లోపల ఖాళీని పెంచుతుందే తప్ప తగ్గించదు. అలాగే బయట దొరికే అలాయ్‌లు చాలావరకు 73.1 మిల్లీమీటర్ల రంధ్రంతో వస్తాయి. ఆ తేడాను పూడ్చే హబ్ రింగులు అడిగి వేయించుకోకపోతే నాకు పట్టిన వణుకే వారికీ పడుతుంది. ఫోక్స్‌వ్యాగన్ ఒరిజినల్ బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది, బయటి అలాయ్‌కు ఎక్కువగా శంకువు ఆకారం కావాలి. ఒకదాని బోల్టు ఇంకోదానికి వేస్తే బిగిసినట్టే ఉండి వదులవుతుంది.

నా తీర్పు ధరను బట్టి మారుతుంది. ఎలాగూ కొత్త వీల్స్ కొనే ఉద్దేశం, మంచి కంపెనీ సరుకుకు డబ్బూ ఉంటే, సరైన ఆఫ్‌సెట్ ఉన్న అలాయ్‌దే పైచేయి. కానీ స్పేసర్ అంటే భయపడి, చవకగా దొరికే నకిలీ డిజైన్ అలాయ్‌ను ఎంచుకోవడం తెలివైన పని కాదు. గుంత తగిలితే పగిలేది రిమ్. కంపెనీ పరీక్షించి ఇచ్చిన రిమ్‌ను ఉంచుకుని, దాని వెనుక పది, పదిహేను మిల్లీమీటర్ల నాణ్యమైన హబ్ సెంట్రిక్ స్పేసర్ పెట్టడం అంతకంటే ఎంతో నయం. జర్మనీలో హెచ్ అండ్ ఆర్, ఐబాక్ వంటి సంస్థలు ఇవే తయారుచేస్తాయి, పోర్షె కూడా 911కు 5 మిల్లీమీటర్ల స్పేసర్లను ఆప్షన్‌గా ఇచ్చింది. 20 దాటిందంటే మాత్రం రెండింటిలో ఏదీ వద్దంటాను. టైరు అంచు దాటితే వానాకాలంలో బురదంతా తలుపుల మీదే చిమ్ముతుంది.

చట్టాన్నీ పక్కన పెట్టలేం. ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. వారంటీ మిగిలి ఉన్న కారుకు, ఊళ్ల మధ్య నిండు బరువుతో తిరిగే కారుకు మూడో దారే మేలు.

నేను చివరికి వెనుక చక్రాలకు మాత్రమే 15 మిల్లీమీటర్లు ఉంచి, ముందు వాటిని విప్పేశాను. స్టీరింగ్ ఎప్పటిలా ఉంది, వెనుక నుంచి చూసేవారికి కావలసిన ఫ్లష్ లుక్ కూడా ఉంది. బిగించేముందు హబ్ మీద తుప్పును వైర్ బ్రష్‌తో గీకించి, ఇంపాక్ట్ గన్ కాకుండా బిగింపును కొలిచే టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకు బిగించి, వంద కిలోమీటర్ల లోపు మళ్లీ చూసుకున్నాను. స్టెప్నీ పక్కన అయిదు పాత పొట్టి బోల్టులను ఒక గుడ్డసంచిలో వేసి ఉంచాను. వెనుక టైరు పంక్చరై, స్పేసర్ తీసేసి స్టెప్నీ వేయాల్సి వస్తే, పొడవాటి బోల్టుల కొసలు హబ్ వెనక్కు పొడుచుకు వెళ్లి డ్రమ్ లోపలి బ్రేకు భాగాలకు తగులుతాయి. సంచి మీద మార్కర్‌తో ‘స్పేసర్ లేనప్పుడు ఇవే’ అని రాశాను, ఎందుకంటే ఆ రాత్రి టైరు మార్చేది నేనే కాకపోవచ్చు.