కిరాయి సైనికుల తేలే బండికి ఫ్యాన్లు మేలా, స్కర్టు మేలా?

నేను రాసుకుంటున్న కథలో ఒక కిరాయి దళం ఉంది. కాలం ఇప్పటికి వందేళ్ల తర్వాత. వాళ్లకు కవచం ఉన్న బండి కావాలి, అది నేలను తాకకుండా పోవాలి, లోపల ఎనిమిది మంది పట్టాలి, పైన 30 మిల్లీమీటర్ల ఫిరంగి ఉండాలి. మొదట గీసిన బొమ్మలో నాలుగు మూలలా గొట్టాల్లో తిరిగే నాలుగు పెద్ద ఫ్యాన్లు పెట్టాను. బొమ్మ భలే కుదిరింది. ఆ తర్వాత కాగితం మీద లెక్క వేయడమే నేను చేసిన పొరపాటు.

బరువు 20 టన్నులు అనుకున్నాను. భారీ మెషిన్‌గన్ గుళ్లను ఆపే కవచం వేసి, ఎనిమిది మందిని మోయాలంటే అంతకన్నా తగ్గడం కష్టం. పొడవు 10 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు. ఒక్కొక్కటి రెండు మీటర్ల వ్యాసం ఉన్న నాలుగు ఫ్యాన్లు ఈ బరువును గాల్లో నిలబెట్టాలంటే, ఏ నష్టమూ లేదనుకున్నా 11 మెగావాట్ల శక్తి కావాలి. అంటే దాదాపు 15 వేల హార్స్‌పవర్. అమెరికా ఎం1 ఏబ్రమ్స్ ట్యాంకు ఇంజను శక్తి 1,500 హార్స్‌పవర్. అలాంటివి పది కలిస్తే నా బండి కదలకుండా గాల్లో నిలబడుతుంది, అంతే. ఇప్పటి గ్యాస్ టర్బైన్ల లెక్కన గంటకు మూడు టన్నులకు పైగా ఇంధనం తాగుతుంది. ఇక ఆ పది ఇంజన్ల బరువును ఈ 20 టన్నుల్లో ఎక్కడ సర్దాలి?

అదే బండికి కింద స్కర్టు, అంటే అంచు చుట్టూ వేలాడే రబ్బరు తెర కట్టి, లోపలికి గాలి ఊది ఆ గాలి పరుపు మీద నిలబెడితే కథ మారిపోతుంది. 20 టన్నులు 40 చదరపు మీటర్ల మీద పరచుకుంటే చదరపు మీటరుకు 500 కిలోలు. వాతావరణ పీడనంలో అది ఇరవయ్యో వంతు. చుట్టూ అంచు 28 మీటర్లు, కింద రెండు సెంటీమీటర్ల సందు వదిలితే, అందులోంచి పారిపోయే గాలిని భర్తీ చేయడానికి 150 కిలోవాట్లు చాలు. ఫ్యాను నష్టాలు కలుపుకున్నా సుమారు 330 హార్స్‌పవర్. ఒక లారీ ఇంజను పని. ముందుకు తోయడానికి వేరే శక్తి కావాలి, నిజమే. కానీ తేలడం ఒక్కటే చూస్తే తేడా నలభై రెట్లు దాటింది.

రెండు దారులనూ మనుషులు ఇదివరకే తొక్కి చూశారు. బ్రిటిష్ ఇంజనీరు క్రిస్టఫర్ కాకరెల్ ఒకదానిలో ఒకటి పట్టే రెండు డబ్బాల మధ్య సందులోంచి గాలి ఊది గాలి పరుపు ఆలోచనను పరీక్షించాడు. అందులోంచి పుట్టిన ఎస్ఆర్.ఎన్1 హోవర్‌క్రాఫ్ట్ 1959 జులై 25న ఇంగ్లిష్ ఛానల్ దాటింది. రబ్బరు స్కర్టు దానికి తర్వాత వచ్చింది, అసలు బలం కూడా అప్పుడే వచ్చింది. ఈరోజు అమెరికా నౌకాదళపు ఎల్‌క్యాక్ హోవర్‌క్రాఫ్ట్ 60 టన్నుల సరుకును సముద్రంలోంచి ఒడ్డు మీదికి తెస్తుంది. సోవియట్‌లు కట్టిన జుబర్ హోవర్‌క్రాఫ్ట్ మూడు ట్యాంకులు మోస్తుంది. ఫ్యాన్ల వైపు చూస్తే, పళ్లెం ఆకారపు ఆవ్రోకార్‌ను కెనడాలో కట్టారు. నేలకు మీటరు ఎత్తు దాటితే తూలిపోయేది, 1961లో ఆపేశారు. రెండు ఫ్యాన్ల పియాసెకి ఎయిర్‌జీప్ 1958లో నిజంగానే ఎగిరింది. కానీ అది చేసే పనిని హెలికాప్టర్ ఇంకా బాగా చేస్తుందని అమెరికా సైన్యం దాన్ని వదిలేసింది. కవచం లేకుండానే ఈ పాట్లు!

అలాగని స్కర్టు బండి బంగారమేమీ కాదు. నేలతో రాపిడి ఉండదు కాబట్టి బ్రేకు అనేదే లేదు. ఏటవాలు నేల మీద పక్కకు జారిపోతుంది. పదడుగులకు ఒక అడుగు ఎత్తు లేచే వాలు ఎక్కాలంటే 20 టన్నుల బండికి రెండు టన్నుల తోపు కావాలి. స్కర్టు ఎత్తును మించిన గోడ అడ్డొస్తే ఆగిపోవాల్సిందే. స్కర్టును ఇష్టం వచ్చినంత పెంచడమూ కుదరదు. ఈ వెడల్పుకు అర మీటరు బాగా దాటితే ఊగిసలాట మొదలవుతుంది. ఇక రొద, దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. పొడి నేల మీద దాని రాక కిలోమీటర్ల ముందే తెలిసిపోతుంది. వియత్నాంలో అమెరికా సైన్యం మూడు హోవర్‌క్రాఫ్ట్‌లను దింపితే, 1970లో రెండు ధ్వంసమయ్యాయి.

ఫిరంగి కాలిస్తే ఏమవుతుందో కూడా చూశాను. 30 మిల్లీమీటర్ల గుండు 400 గ్రాములు, వేగం సెకనుకు 1,000 మీటర్లు. పది గుళ్లు వరసగా కాలిస్తే బండి సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో వెనక్కి జారుతుంది. గురి చెడటానికి అది చాలు. ట్యాంకు ఫిరంగి పెడితే ఒక్క గుండుకే సెకనుకు మీటరుకు పైగా వేగం. అందుకే ట్యాంకు ఫిరంగి వద్దనుకుని, వెనక్కి తన్నని రాకెట్లు పెట్టాను.

స్కర్టుకు గుండు తగిలితే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. బండి కింద గాలి పోయే సందు మొత్తం 5,600 చదరపు సెంటీమీటర్లు. ఒక చదరపు సెంటీమీటరు చొప్పున వంద గుళ్ల చిల్లులు పడినా, ఆ చిల్లులు చిరుగులుగా మారనంత వరకు, కారిపోయే గాలి రెండు శాతం కూడా పెరగదు. స్కర్టును వేళ్లలా విడివిడి ముక్కలుగా కడితే ఒక ముక్క ఊడినా పక్కవి నిలబెడతాయి. ఫ్యాను రెక్కకు ఆ అదృష్టం లేదు. గొట్టం నోరు మూస్తే గాలి రాదు, తెరిచి ఉంచితే గుండు వస్తుంది.

మందుపాతరల విషయంలో స్కర్టుదే మొగ్గు. ముప్పై సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పాతర మీద పడే బరువు 35 కిలోలే. ట్యాంకు వ్యతిరేక పాతరలు పేలడానికి సాధారణంగా వంద కిలోలకు పైనే కావాలి. లోహాన్ని పసిగట్టే రకం మాత్రం వదలదు.

గురుత్వాకర్షణను రద్దు చేసే యంత్రం పెడితే ఈ గొడవంతా ఉండదు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. పెట్టవచ్చు. కానీ బరువు పోయినా ద్రవ్యరాశి పోదు, ఫిరంగి తన్నుడు అలాగే ఉంటుంది, బ్రేకు సమస్యా అలాగే ఉంటుంది. పైగా ఆ పెట్టెను తయారీదారు తప్ప ఎవరూ విప్పలేరు.

నా తీర్పును మార్చింది ఆ చివరి మాటే. సైన్యానికి బండి పోతే ప్రభుత్వం ఇంకోటి ఇస్తుంది. కిరాయి దళానికి బండే పెట్టుబడి. ఇటలీలో పద్నాలుగు, పదిహేనో శతాబ్దాల కిరాయి నాయకులను కొండొత్తియేరీ అనేవారు, ఆ పేరే ఒప్పందం అనే మాట నుంచి వచ్చింది. వాళ్లకు మనుషులు, గుర్రాలే ఆస్తి. నా దళానిదీ అదే పరిస్థితి, గుర్రం బదులు బండి. ఒక యుద్ధం గెలిచి బండి పోగొట్టుకుంటే అసలుకే ఎసరు. పది మీటర్ల ఎత్తులో ఫ్యాన్లు ఆగితే బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో నేలను గుద్దుతుంది. స్కర్టు బండి ఇంజను ఆగితే? ఉన్నచోటే కూలబడుతుంది, అంతే. రబ్బరు ముక్కను దారిలో ఎవరైనా బోల్టులు విప్పి మార్చగలరు. ఫ్యాను గేర్‌బాక్స్‌కు కార్ఖానా కావాలి.

కాబట్టి స్కర్టే తీసుకున్నాను, నాలుగు చక్రాలు కూడా జోడించి. ఇది నా సొంత ఊహ కాదు. 1960ల్లో బ్రిటన్‌లో ఒక ల్యాండ్‌రోవర్‌కు స్కర్టు కట్టి చూశారు, గాలి బరువు మోసేది, చక్రాలు దారి చూపేవి. నా బండిలో చక్రాల మీద ఐదో వంతు బరువు, అంటే నాలుగు టన్నులు వేశాను. బ్రేకు వచ్చింది, వాలు మీద పట్టు వచ్చింది, ఫిరంగి కాల్చేటప్పుడు బండి నిలబడుతోంది. నీటి మీద చక్రాలు పైకి ముడుచుకుంటాయి. రెండు టన్నుల అదనపు బరువు పడింది, దానికి సరిపడా కవచం తగ్గించాను. ఈ బేరం మాత్రం నాకింకా నచ్చలేదు.

కొండ అంచులు, మేడల పైకప్పులు మాత్రం ఫ్యాన్లవే, అక్కడ స్కర్టు పోటీకి కూడా రాదు. అందుకే మొదటి బొమ్మను పారేయలేదు. ఆ నాలుగు ఫ్యాన్ల బండిని ఎదుటి పక్షానికి ఇచ్చేశాను. వాళ్ల ఇంధనం ఖర్చు ప్రభుత్వం కడుతుంది.