దోర్నాల ఘాటా, సోమశిల దారా?

కొండల్లో సైకిల్ తొక్కాలనుకునే నెల్లూరు వాళ్లకు ఎప్పుడూ ఇదే సందేహం.

ఖర్చు: సోమశిలకు ఇంటి నుంచే తొక్కుకుంటూ పోవచ్చు. ఆత్మకూరు మీదుగా సుమారు 80 కిలోమీటర్లు. దోర్నాలకైతే సైకిల్‌ని బండిలో వేసుకెళ్లాలి.

శ్రమ: సోమశిల దారి చాలామటుకు చదునే. ఎండ, ఎదురుగాలితోనే ఇబ్బంది. చివర్లో వెలిగొండల మధ్య నుంచి వచ్చే పెన్న కనబడితే కాళ్ల నొప్పి గుర్తుండదు. దోర్నాల–శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు. ఎక్కుడు, దిగుడు, మలుపులు.

రిస్క్: దోర్నాల దారి పులులున్న నల్లమల. రాత్రి గేటు మూస్తారు. దిగుడులో బ్రేకు అదేపనిగా నొక్కితే రిమ్ము చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. వదిలి వదిలి నొక్కండి. అరటిపళ్లు సంచిలోనే దాచండి, కోతులు లాక్కుంటాయి.

మొదటిసారైతే సోమశిలే. గేర్ల సైకిల్, ఘాట్ అలవాటు, తోడుగా ఇద్దరు ఉంటే దోర్నాల. ఒంటరిగా మాత్రం వద్దు.