పసిపిల్లల మెదడు ఇన్ఫెక్షన్లలో కొలిస్టిన్ ఇంజెక్షన్: ఒక ఐసీయూ వైద్యుడి అంచనా

వాడుకలో కొలిస్టిన్ అని పిలిచే ఈ యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వయల్‌లో (చిన్న మందు సీసాలో) నిజానికి ఉండేది కొలిస్టిమెథేట్ సోడియం అనే పొడి. శరీరంలోకి వెళ్లాక అది క్రమంగా కొలిస్టిన్‌గా మారి పనిచేస్తుంది. మెరోపెనెమ్ అనే శక్తిమంతమైన యాంటీబయాటిక్‌కు కూడా లొంగని అసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా బిడ్డ మెదడు పొరలకో, మెదడు లోపల ద్రవం నిండి ఉండే గదులకో చేరినప్పుడు మిగిలే అతి కొద్ది మందుల్లో ఇది ఒకటి. పిల్లల ఐసీయూలో దీన్ని వాడే వైద్యుడిగా నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: ప్రాణం నిలబెట్టగల మందే, కానీ దాన్ని సవ్యంగా ఇవ్వగల ఏర్పాట్లు లేని చోట దీన్ని కొని పెట్టుకోవడం బిడ్డకు మేలు చేయదు.

1949లో జపాన్‌లో వెలుగుచూసిన ఈ మందును మూత్రపిండాలకూ నరాలకూ చేసే హాని వల్ల 1970ల తర్వాత చాలావరకు పక్కన పెట్టారు. కొత్త మందులు ఒక్కొక్కటిగా పనిచేయకుండా పోవడంతో మళ్లీ వాడుకలోకి తెచ్చారు. దీని అణువు పెద్దది కనుక రక్తం నుంచి మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి సులువుగా దాటదు. పొరలకు వాపు లేనప్పుడు ఆ ద్రవంలో చేరేది రక్తంలోని మోతాదులో సుమారు 5 శాతమే. వాపు ఉన్నప్పుడు కొంత పెరిగినా, బ్యాక్టీరియాను చంపడానికి అది చాలుతుందన్న భరోసా లేదు. అందుకే నరం ద్వారా ఇచ్చే మందుతో బాగుపడని బిడ్డకు, మెదడు గదిలో అమర్చిన డ్రెయిన్ గొట్టం ద్వారా నేరుగా ఇవ్వాల్సి వస్తుంది. ఇచ్చిన తర్వాత మందు లోపల పరుచుకునేందుకు డ్రెయిన్‌ను 15 నుంచి 60 నిమిషాలు మూసి ఉంచాలని 2017 నాటి అమెరికా అంటువ్యాధుల వైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెద్దలకు ఈ దారిలో రోజుకు 10 మిల్లీగ్రాములని అవే మార్గదర్శకాలు, 1,25,000 యూనిట్లని యూరప్ లేబుళ్లు సూచిస్తాయి. పిల్లలకు మాత్రం యూరప్ లేబుల్ ఈ దారిలో మోతాదునే సూచించదు. అంటే, అత్యంత చిన్న శరీరానికి అత్యంత సున్నితమైన చోట మందు ఇవ్వాల్సి వచ్చినప్పుడు వైద్యుడికి లేబుల్ నుంచి అందే సాయం దాదాపు శూన్యం.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది కొలతల గందరగోళం. కొన్ని దేశాల లేబుల్ యూనిట్లలో ఉంటుంది, కొన్నిచోట్ల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. ఆ మిల్లీగ్రాములు కూడా ఒకే రకం కావు. పది లక్షల యూనిట్లంటే సుమారు 80 మిల్లీగ్రాముల కొలిస్టిమెథేట్ సోడియం. అదే పరిమాణాన్ని అమెరికా లేబుల్ కొలిస్టిన్ బేస్‌గా, అంటే అందులోంచి వచ్చే అసలు కొలిస్టిన్‌గా లెక్కించి సుమారు 33 మిల్లీగ్రాములని చూపిస్తుంది. ఏ లెక్కలో రాశారో చూడకుండా ఒక పుస్తకంలోని అంకెను మరో కంపెనీ వయల్‌కు అన్వయిస్తే, బిడ్డకు అందాల్సిన మందులో సగం కూడా అందకపోవచ్చు, లేదా రెండింతలకు మించి చేరవచ్చు. కాబట్టి ప్రిస్క్రిప్షన్‌లో యూనిట్లు మాత్రమే రాయాలని, వార్డులో ఒకే లేబుల్ ఉన్న వయల్స్ మాత్రమే ఉంచాలని, ప్రతి మోతాదును ఇద్దరు విడివిడిగా లెక్కకట్టాలని నేను పట్టుబడతాను. నీటిలో కలిపిన తర్వాత నిల్వ ఉంచితే మందు విషప్రభావం ఎక్కువైన రూపంలోకి మారుతూ పోతుంది కనుక, మెదడులోకి ఇచ్చే మోతాదును నిల్వకారకాలు లేని ద్రావణంతో అప్పటికప్పుడే కలపాలి.

లాబొరేటరీ విషయంలోనూ ఈ మందు మామూలు పద్ధతులకు లొంగదు. ఇది అగార్‌లో (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచే జెల్లీలో) సరిగ్గా వ్యాపించదు కనుక బిళ్లల పరీక్షను, స్ట్రిప్ పరీక్షను నమ్మకూడదు. ద్రవ మాధ్యమంలో మందును వేర్వేరు గాఢతల్లో కలిపి చేసే మైక్రోడైల్యూషన్‌నే ప్రామాణిక పద్ధతిగా పరిగణిస్తారు. పైగా ప్రోటియస్, సెరేషియా వంటివి దీనికి పుట్టుకతోనే లొంగవు. నవజాత శిశువుల్లో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) కలిగించే ఎలిజబెత్‌కింగియా కూడా అంతే, అది మెరోపెనెమ్‌కూ లొంగదు. కల్చర్‌లో బ్యాక్టీరియా పేరు తేలకముందే కొలిస్టిన్ మొదలుపెట్టి నిశ్చింతగా ఉండటం అందుకే ప్రమాదకరం.

నేరుగా మెదడు గదిలోకి ఇవ్వడం మేలే చేస్తుందని ఎవరైనా తేలికగా అనుకుంటే, 1980లో ప్రచురితమైన నవజాత శిశువుల అధ్యయనాన్ని గుర్తుచేయాలి. అందులో జెంటామైసిన్‌ను మెదడు గదిలోకి కూడా ఇచ్చిన శిశువుల్లో మరణాలు సుమారు 43 శాతం, నరం ద్వారా మాత్రమే ఇచ్చినవారిలో సుమారు 13 శాతం. అక్కడ మందూ వేరు, సూదితో గుచ్చి ఇచ్చిన పద్ధతీ వేరు. అయినా మరో దారి ఉన్న బిడ్డకు ఈ పద్ధతిని ఎంచుకోకూడదనడానికి ఆ ఫలితం నాకు చాలు. మెదడు ద్రవాన్ని బయటికి మళ్లించేందుకు శరీరం లోపల అమర్చిన గొట్టానికి (షంట్‌కు) ఇన్ఫెక్షన్ సోకి ఉంటే దాన్ని తీసి తాత్కాలిక డ్రెయిన్ పెట్టాలి. షంట్‌ను అలాగే ఉంచితే దాని మీద పొరలా పేరుకున్న బ్యాక్టీరియాను ఈ మందు కూడా సాధారణంగా పూర్తిగా తుడిచిపెట్టలేదు.

చికిత్స 10 నుంచి 14 రోజులు, కొందరు నిపుణుల లెక్కలో 21 రోజులు సాగుతుంది. ఆ కాలమంతా మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్‌ను, మూత్రం పరిమాణాన్ని వెంటవెంటనే చూసుకోవాలి. మెదడులోకి ఇచ్చిన మందే పొరలకు చిరాకు కలిగించి మెదడు ద్రవంలో తెల్లకణాల సంఖ్యను పెంచగలదు, మూర్ఛలు తెప్పించగలదు. కనుక ఒక్క కణాల లెక్క చూసి ఇన్ఫెక్షన్ ముదిరిందని తేల్చకుండా కల్చర్ ఫలితాన్ని కూడా చూడాలి.

న్యూరోసర్జన్, నమ్మదగిన మైక్రోబయాలజీ ల్యాబ్, మోతాదు లెక్కలు తెలిసిన ఫార్మసిస్ట్ ఉన్న ఆసుపత్రికి ఈ ఇంజెక్షన్‌ను నేను సిఫార్సు చేస్తాను. ఆ మూడింటిలో ఏది లేకపోయినా, ఈ వయల్ కోసం వెతుకుతూ గంటలు పోగొట్టకుండా, బిడ్డ పరిస్థితిని నిలకడ చేసి అవన్నీ ఉన్న కేంద్రానికి తరలించమని తోటి వైద్యులను కోరుతున్నాను.