రూపాయిన్నర మిత్తి అని నమ్మి నాలుగు రూపాయల మిత్తి కట్టిన, బిజినెస్ లోన్ తీస్కునే చిన్న షాపులోళ్లు జర జాగ్రత్త

హైదరాబాద్‌లో చిన్న షాపు నడుపుకునే అక్కలకి, అన్నలకి అందరికీ చెప్పాలనే ఇది రాస్తున్న. షాపు మూసేసుకునే పరిస్థితి వచ్చి, అర్జెంటుగా పైసలు కావాలని ఎవరన్నా ఏజెంట్‌తోని బిజినెస్ లోన్ మాట్లాడుతుంటే, సంతకం పెట్టేముందు, ముఖ్యంగా ఓటీపీ చెప్పేముందు ఇది ఒక్కసారి మొత్తం చదవండి. కంప్లయింట్ ఇంకా నడుస్తుంది కాబట్టి కంపెనీ పేరు, ఏజెంట్ పేరు రాస్తలేను. పేరు కన్నా వాళ్లు లెక్క ఎట్ల చెప్తరో తెలుసుకోవడమే ముఖ్యం.

మాది దిల్‌సుఖ్‌నగర్ సైడు మగ్గం వర్క్ షాపు. ముందు గదిలో కౌంటరు, వెనక గదిలో నాలుగు మగ్గాలు, ఐదుగురు కారీగర్లు, అందులో ముగ్గురు బెంగాల్ నుంచి వచ్చిన పిల్లలు. 2024 ఎండాకాలం మా లైన్లో ఉన్నోళ్లు ఎవ్వరూ మర్చిపోరు. ఏప్రిల్ ఆఖర్లో మూఢం వచ్చింది, మే జూన్ ముహూర్తాల్లేవు, మూఢం పోయింది అనుకునేలోపు ఆషాఢం, ఇగ ఆగస్టులో శ్రావణం వచ్చేదాకా పెళ్లి బ్లౌజు అని ఒక్కరు షాపు మెట్టు ఎక్కలే. మాకు ఎండాకాలం గిరాకీయే ఏడాదంతా తిండి. కారీగర్లని ఊరికి పంపిద్దామంటే మళ్ల రారు, వేరే కార్ఖానాలో కుదురుకుంటరు, అందుకని పని లేకున్నా వాళ్లకి ఖర్చులకి ఇచ్చుకుంట వచ్చినం. షాపు కిరాయి 22 వేలు, కరెంటు బిల్లు, పిల్లల స్కూల్ ఫీజు. శ్రావణంలో గిరాకీ వచ్చింది, కాదనను, కానీ వచ్చిన పైసలు వచ్చినట్టే పాత బాకీలకి పోయినయ్, బేగంబజార్‌లో మాకు జర్దోసి, పూసలు, కుందన్లు ఉద్దెర ఇచ్చే సేటు కూడా పాత లెక్క క్లియర్ చేస్తేనే కొత్త మాల్ అన్నడు. వీటన్నిటి మీద ఒక పెద్ద బొటీక్‌కి జాబ్ వర్క్ చేసి ఇచ్చినం, వాళ్ల దగ్గర లక్షా 40 వేలు ఆగిపోయినయ్, ఎప్పుడు ఫోన్ చేసినా వచ్చే వారం అనే మాటే.

మూడు లక్షలుంటే ఒడ్డున పడతం అనిపించింది. మా ఇంటి దగ్గర మిత్తికి ఇచ్చే ఆయన ఉన్నడు, మూడు రూపాయల మిత్తి అన్నడు, మా ఆయన వద్దన్నడు. డైలీ ఫైనాన్స్ సంగతి మీకు తెల్సిందే, పదివేలు అని రాసుకుని తొమ్మిది వేలో ఎనిమిదిన్నరో చేతిలో పెట్టి వంద రోజులు వంద వంద వసూల్ చేస్తరు, అది అసలే వద్దనుకున్నం. గప్పుడు తెల్సినోళ్ల ద్వారా ఈ ఏజెంట్ వచ్చిండు. తెల్ల షర్టు, మెడలో ఐడీ కార్డు, చాలా మర్యాదగా మాట్లాడిండు, నన్ను అక్కా అక్కా అనుకుంట. బ్యాంకుల చుట్టూ తిరిగితే చెప్పులరుగుతయ్ గానీ లోన్ రాదక్కా, మా దగ్గర 18 శాతమే, అంటే రూపాయిన్నర మిత్తి, షూరిటీ వద్దు, ఆస్తి కాగితాలు వద్దు, మూడు రోజుల్లో అకౌంట్లో పైసలు అన్నడు. మూడు రూపాయలు చెప్పినాయన పక్కన రూపాయిన్నర చెప్పేటాయన దేవుడిలెక్క కనపడతడు కదా, నాకు అట్లనే కనపడ్డడు.

2024 నవంబర్‌లో తీస్కున్నం. ముందు ఉద్యమ్ సర్టిఫికెట్, అంటే చిన్న వ్యాపారాలకి గవర్నమెంట్ ఇచ్చే రిజిస్ట్రేషన్ కాగితం కావాలని 2,500 తీస్కున్నడు. తర్వాత తెల్సింది ఏందంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జూలైలో మొదలైన కాన్నుంచి పూర్తిగా ఫ్రీ, గవర్నమెంట్ సైట్లో ఆధార్, పాన్ ఉంటే మనమే చేసుకోవచ్చు, ఒక్క రూపాయి కూడా కట్టేది లేదు. తర్వాత ఫైల్ చార్జి అని 5 శాతం, అంటే 15 వేలు, అది కంపెనీకి కాదు ఫోన్‌పే చెయ్యి అక్కా అని ఇంకెవరిదో నంబర్ ఇచ్చిండు. సంతకాల రోజు నా ఫోన్ ఆయన చేతిలోనే ఉంది. ఓటీపీ వచ్చింది, ఆయనే చూసుకుండు, కొట్టుకుండు. ఏం కాగితమో చదువుత అంటే, ఇయ్యాల సాయంత్రం ఆరుకి ఆఫర్ క్లోజ్ అయితది అక్కా, రేపటి నుంచి రేటు పెరుగుతది అన్నడు. సంతకం చేసి ఖాళీగా ఉంచిన చెక్కులు రెండు కూడా తీస్కుపోయిండు.

అకౌంట్లో పడ్డది 2 లక్షల 74 వేలు. మూడు లక్షలు కదా అంటే ప్రాసెసింగ్ ఫీజు 12,000, దాని మీద జీఎస్టీ 2,160, ఇన్సూరెన్స్ 11,840 అని చెప్పిండు. ఇన్సూరెన్స్ నేను అడగలేదు, ఎవరూ నాకు చెప్పలే. నెలకి 17,000 చొప్పున 24 నెలలు. డిసెంబర్ నుంచి మొదలైంది. ఆ నెలల్లో మేము ఎట్ల బతికినమో మాకే తెలుసు, ఐదో తారీఖు వస్తుందంటే మూడో తారీఖు నుంచే నిద్ర ఉండకపోయేది, ఒక నెల ఒక్కరోజు లేటైతే బౌన్స్ చార్జి కంపెనీ వేసింది, బ్యాంకు వేరే వేసింది.

అసలు సంగతి ఎట్ల బయటపడ్డదంటే, మా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒక చెల్లె అకౌంట్స్ చేస్తది. 2025 జూలైలో ట్రయల్‌కి వచ్చినప్పుడు నేను ఫోన్లో ఈఎంఐ గురించి ఎవరితోనో మాట్లాడుతుంటే విన్నది. అక్కా 18 శాతం అయితే 17 వేలు ఎట్ల వస్తది, తక్కువ రావాలె కదా అన్నది. కూర్చుని లెక్క వేసి చూపించింది. ఇది మాత్రం నిదానంగా చదవండి.

వాళ్లు వేసింది ఫ్లాట్ రేటు. మూడు లక్షలకి ఏడాదికి 54 వేలు, రెండేళ్లకి లక్షా 8 వేలు, అసలుతో కలిపి 4 లక్షల 8 వేలు, దాన్ని 24తో భాగిస్తే 17 వేలు. చూడ్డానికి లెక్క కరెక్టే. కానీ నేను ప్రతి నెలా అసలు కూడా తిరిగి ఇస్తున్న కదా. ఏడాది తిరిగేసరికి వాళ్ల అసలు నా దగ్గర సగమే ఉంటది, ఆఖరి నెలకి వచ్చేసరికి పన్నెండున్నర వేలే ఉంటది, ఆ పన్నెండున్నర వేలకి కూడా నేను కట్టే మిత్తి నెలకి 4,500. అంటే ఆఖరి దాకా మూడు లక్షలు నా దగ్గరే ఉన్నట్టు మిత్తి తీస్కుంటరు. మిగిలిన అసలు మీదనే మిత్తి వేసే లెక్క, బ్యాంకోళ్లు వేసేది, ఆ లెక్కలో చూస్తే ఇదే లోన్ ఏడాదికి 31 శాతం దాటుతుంది. నా చేతికి వచ్చింది మూడు లక్షలు కాదు 2,74,000, ఆ లెక్కన 41 శాతం దాటింది. ఏజెంట్‌కి ఇచ్చిన 15 వేలు కూడా తీసేస్తే నేను నిజంగా వాడుకున్నది 2,59,000, దానికి 17 వేల చొప్పున 24 నెలలు అంటే సరిగ్గా నెలకి నాలుగు రూపాయల మిత్తి, ఏడాదికి 48 శాతం. మా ఇంటి దగ్గరాయన మూడు రూపాయలు అంటే వద్దనుకుని వచ్చినోళ్లం మేము. ఆ రోజు షాపులో కూర్చుని ఏడ్చిన.

మీ లోన్‌కి మీరే చూసుకోవచ్చు, ఎక్సెల్ షీట్లో రేట్ అనే ఫార్ములా ఉంటది, ఎన్ని నెలలు, నెలకి ఎంత, చేతికి ఎంత వచ్చింది, ఈ మూడు ఇస్తే నెల మిత్తి చెప్తది. నెలకి కట్టేది మైనస్ గుర్తుతో కొట్టాలె. చేతికి వచ్చింది అంటే అన్ని కోతలు పోయినాక వచ్చింది, కాగితం మీద ఉన్నది కాదు.

ఇంకా బాధ అనిపించింది ఏందంటే, ఆ 41 శాతం వాళ్లు నాకు ఇచ్చిన పీడీఎఫ్‌లోనే ఉంది. నలభై పేజీల ఇంగ్లీష్ పీడీఎఫ్, అందులో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక పేజీ, అక్కడ ఏపీఆర్, అంటే ఖర్చులన్నీ కలుపుకుని ఏడాదికి నిజంగా పడే మిత్తి అని రాసి పక్కన అంకె. రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి చిన్న వ్యాపారాల టర్మ్ లోన్లకి కూడా ఈ పేజీ తప్పనిసరి. మనకి అర్థమయ్యే భాషలో ఇయ్యాలె, వివరంగా చెప్పాలె, ఫీజులూ ఇన్సూరెన్సూ అన్నీ కలిపి ఏపీఆర్ వెయ్యాలె. ఇంకా, ఏడు రోజులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండే లోన్ ఏదైనా సరే ఆ పేజీ ఇచ్చినాక కనీసం మూడు వర్కింగ్ డేస్ మనకి ఆలోచించుకోవడానికి టైం ఉంటది, ఆ మూడు రోజులు రేటు మార్చడానికి లేదు. అంటే సాయంత్రం ఆరుకి ఆఫర్ క్లోజ్ అని ఆయన చెప్పింది పచ్చి అబద్ధం. ఈ ఒక్క రూలు తెల్సుంటే నేను కాగితాలు ఇంటికి తీస్కపోయి, ఆ చెల్లెకి చూపించి, తర్వాతే ఓటీపీ చెప్తుంటి.

ఎనిమిది కిస్తీలు, అంటే లక్షా 36 వేలు కట్టినాక క్లోజ్ చేద్దామని పోతే ఇంకా అసలు 2 లక్షల 19 వేలు చిల్లర ఉందన్నరు. లక్షా 36 వేలు కడితే అసలులో తగ్గింది 80 వేలే. దాని మీద ముందే మూసేస్తున్నందుకు 5 శాతం చార్జి, దానికి జీఎస్టీ, మొత్తం 2 లక్షల 32 వేలు దాటింది. నా గాజులు, మా అత్తమ్మ ఇచ్చిన హారం బ్యాంకులో గోల్డ్ లోన్ పెట్టి కట్టేసినం, అక్కడ నెలకి రూపాయి లోపే పడుతుంది. ఈ పని మొదలే చేసుంటే అయిపోయేది, కానీ బంగారం పెట్టడం నామోషీ అనుకున్నం అప్పుడు. క్లోజ్ చేసినాక ఇగ బాకీ లేదని ఇచ్చే ఎన్‌ఓసీ కాగితం, ఆ రెండు ఖాళీ చెక్కులు చేతికి వచ్చేదాకా ఆఫీసులోంచి లేవలే, బ్యాంకుకు పోయి ఆటోమేటిక్‌గా పైసలు కోసుకునే మ్యాండేట్ కూడా క్యాన్సిల్ చేయించిన.

కంపెనీ కంప్లయింట్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టినం. నేను అడగని ఇన్సూరెన్స్ ఎట్ల కట్ చేస్తరని అడిగితే, మిగిలిన కాలానికి 7 వేల దాకా వాపస్ ఇచ్చిండ్రు. ఏజెంట్ తీస్కున్న 15 వేలకి మాత్రం మాకు సంబంధం లేదన్నరు, రసీదు లేదు, ఫోన్‌పే పోయింది ఆయన బావమరిది నంబర్‌కంట. కంపెనీ నుంచి 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఇసొంటి కంప్లయింట్లు చూసే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఫ్రీగా కంప్లయింట్ పెట్టొచ్చు, ఆన్‌లైన్‌లో సీఎంఎస్ పోర్టల్ ఉంది, 14448 కి ఫోన్ చేసి అడిగితే దారి చెప్తరు. నేను ఓటీపీ సంగతి, ఫీజు సంగతి రెండూ రాసి పెట్టిన, అదే నడుస్తుంది. ఇంక అసలు లోనే ఇయ్యకుండా ముందే ఫీజు అని పైసలు గుంజుకుని ఫోన్ స్విచ్చాఫ్ చేసేటోళ్ల చేతిలో పడితే వెంటనే సైబర్ క్రైమ్ నంబర్ 1930 కి ఫోన్ చెయ్యాలె, గంటలు గడిచేకొద్దీ ఆ పైసలు దొరకవు.

బ్యాంకుల చుట్టూ తిరిగితే రాదు అన్న మాట నమ్మి నేను అసలు పోలేదు, అది నా పెద్ద తప్పు. మా కరెంట్ అకౌంట్ ఉన్న బ్రాంచిలోనే చిన్న వ్యాపారాలకి గవర్నమెంట్ స్కీమ్ అయిన ముద్రా లోన్ అడగొచ్చు, శిశు అంటే 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. చిన్న వ్యాపారాలకి 10 లక్షల లోపు లోన్‌కి బ్యాంకు ఆస్తి తాకట్టు అడగొద్దని రిజర్వ్ బ్యాంక్ రూలే ఉంది. టైం పడతది, మేనేజర్ స్టేట్‌మెంట్లు, కొటేషన్లు, ఐటీ రిటర్నులు అన్నీ అడుగుతడు, రెండు మూడు సార్లు తిప్పుతడు, అది నిజమే. కానీ ముద్రాకి ఏజెంట్లు లేరు, ముద్రా అనే సంస్థ నేరుగా మన అకౌంట్లో ఎయ్యదు, మీకు లోన్ శాంక్షన్ అయింది చార్జి కట్టండి అని లెటర్ వాట్సాప్‌లో వస్తే అది దొంగ లెటరే.

ఇంకొకటి, నాకు లేటుగా తెల్సింది. మాకు రావాల్సిన లక్షా 40 వేలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న యూనిట్ పని చేసి ఇస్తే, ఆ పని చేయించుకున్నోళ్లు 45 రోజుల్లోపు పైసలు కట్టాలని 2006 చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టంలోనే ఉంది, దాటితే బ్యాంక్ రేటుకి మూడింతల మిత్తి, అది కూడా చక్రవడ్డీ, దానికి గవర్నమెంట్ పోర్టల్‌లో కంప్లయింట్ పెట్టొచ్చు. మా జాబ్ వర్క్ రిజిస్ట్రేషన్‌కి ముందుది కాబట్టి మాకు పనికొస్తదో లేదో అని అనుమానం, అయినా బిల్లులన్నీ పట్టుకుని ఆ బొటీక్ ఓనర్ దగ్గరికి పోయి చట్టం పేరు చెప్పి గట్టిగా అడిగితే 90 వేలు ఇచ్చిండు. అప్పు తెచ్చేముందు మనకి రావాల్సింది వసూల్ చేసుకోవాలని మా ఆయన ఎన్నిసార్లు చెప్పిండో, పెద్ద కస్టమర్ పోతడేమో అని నేనే భయపడిన.

మొన్న బుధవారం మా లైన్లో జిరాక్స్ షాపు అన్న చెప్పిండు, సేమ్ ఏజెంట్ ఆయన దగ్గరికి వచ్చిండంట, సేమ్ రూపాయిన్నర, సేమ్ సాయంత్రం ఆరు. నేను నా పీడీఎఫ్ తీస్కపోయి ఆ పేజీ చూపించిన. అన్న ఓటీపీ చెప్పలే. సోమవారం పొద్దున ఆయన్ని తీస్కుని బ్రాంచికి పోతున్న.