పాత మోటార్‌హోమ్ వెనక బోటు: ఎక్కడ ఆగొచ్చు, ఎక్కడ ఆగకూడదు

బోటు తగిలించిన మోటార్‌హోమ్‌తో (లోపలే వండుకుని పడుకునే వీలున్న బండి) సరస్సుల చుట్టూ తిరిగొచ్చాం. బండి పాతది, బోటు మరీ చిన్నదేం కాదు. ఇలా వెళ్ళాలనుకునేవాళ్ళు క్యాంప్‌గ్రౌండ్ల ఫొటోలు చూసే ముందు వేబ్రిడ్జికి వెళ్ళండి. నీళ్ళు, పెట్రోలు, సామాను, మనుషులు అన్నీ ఉండగా, బోటుతో సహా, ఒక్కో ఇరుసునూ విడిగా తూయించండి. హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద రాసి ఉన్న పెద్ద అంకెను చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. బండీ, బోటున్న ట్రైలరూ కలిపి ఎంత ఉండొచ్చో కంపెనీ ఒక పరిమితి ఇస్తుంది, అందులోంచి నిండుగా ఉన్న బండి బరువు తీసేస్తే మిగిలేదే మనం లాగగలిగేది. హిచ్‌కీ, ట్రైలర్ ముక్కు కూర్చునే బాల్‌కీ రాసిన అంకెలు అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే లెక్క. ట్యాంకులో 200 లీటర్ల నీళ్ళు పోస్తే 200 కిలోలు అక్కడికే పోయాయి, అందుకే మేం దారిలో ట్యాంకు అడుగున కాసిని మాత్రం ఉంచి, మిగతావి దిగిన చోట పట్టుకునేవాళ్ళం.

పాత బళ్ళలో అసలు అనుమానించాల్సింది తోక. వెనక చక్రాల తర్వాత చాసిస్‌కి ముక్క అతికించి పొడవు పెంచిన బళ్ళు చాలా ఉంటాయి, హిచ్ బిగించేది ఆ అతుకు ముక్కకే. టార్చి పట్టుకుని కింద పడుకుని వెల్డింగ్ దగ్గర తుప్పు, సన్నటి పగుళ్ళు ఉన్నాయేమో చూడాలి. తోక పొడవు కాబట్టి హిచ్ మీద పడ్డ 100 కిలోలు వెనక ఇరుసు మీద 100 కన్నా ఎక్కువే పడతాయి, ఆ ఎక్కువంతా ముందు చక్రాల మీంచి లేచిపోతుంది, స్టీరింగ్ తేలిగ్గా అనిపించడం మొదలవుతుంది. అలాగని ట్రైలర్ ముక్కు మీద బరువు మరీ తగ్గించినా ముప్పే, వెనక బోటు అటూ ఇటూ ఊగుతుంది. ఊగితే బ్రేకు గట్టిగా తొక్కకూడదు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి.

ఇక బస సంగతి. మొదట ఆగింది చెట్ల మధ్య, సరస్సు ఒడ్డున. అందానికి వంక పెట్టలేం, కానీ లోపలి దారులన్నీ మెలికలు, సైట్లన్నీ (బండి నిలుపుకునే స్థలాలు) రివర్స్‌లో పెట్టుకోవాల్సినవే. ఫోన్లో అడిగితే "పెద్ద బళ్ళు పడతాయండీ" అన్నారు. పడతాయి, బోటు విప్పి వేరే చోట పెడితే! అడగాల్సింది అది కాదు. బండి, ట్రైలర్, వెనక పొడుచుకొచ్చిన మోటారు కొస దాకా మొత్తం పొడవు చెప్పి, విప్పకుండా లోపలికొచ్చి విప్పకుండా బయటికి పోగలమా అని అడగాలి. అడ్డం తిప్పి అడిగితేనే నిజం బయటికొస్తుంది.

తర్వాత దిగింది హైవే పక్కన, ఒకవైపు దూరి రెండోవైపు బయటపడే సైట్లున్న చోటు. రాత్రంతా లారీల మోత, చూడ్డానికి ఏమీ లేదు. అయినా మొదటి దానికన్నా మార్కులు దీనికే ఎక్కువ వేస్తాను, ఎందుకంటే పొద్దున్నే ఎవర్నీ లేపకుండా, ఏదీ విప్పకుండా కదిలిపోయాం. అన్నిటికన్నా నచ్చింది మాత్రం మెరీనా (బోట్లు కట్టేసే రేవు) పక్కనే ఉన్న బస. బోటును రాత్రి నీళ్ళలోనే కట్టేసుకోవచ్చు, ట్రైలర్‌కి వేరే స్థలం, కడుక్కోవడానికి మంచినీళ్ళ పైపు. ఒక సరస్సులోంచి ఇంకో సరస్సుకి నాచు, నత్తలు మోసుకుపోకుండా బోటు కడిగి, నీళ్ళన్నీ వదిలి, ఆరబెట్టాలి కాబట్టి ఆ పైపు విలువ ఇంతా అంతా కాదు.

బోటు దించే ర్యాంపుల్లో ఏటవాలు తక్కువగా, పొడవుగా ఉన్నవాటికి దూరంగా ఉండండి. బోటు తేలేలోపే మోటార్‌హోమ్ వెనక చక్రాలు నాచులోకి దిగుతాయి. ఒకచోట మా ఆవిడ పక్కన నిలబడి "సైలెన్సర్ మునుగుతోందండీ, ఆపండి!" అని కేకేస్తే తప్ప నాకు క్యాబిన్లోంచి ఏమీ కనపడలేదు. నీళ్ళలోకి దించే ముందు ట్రైలర్ లైట్ల ప్లగ్ పీకి, హబ్బులు (చక్రాల మధ్యన బేరింగులుండే భాగాలు) చల్లారేదాకా ఆగాలి. వేడి హబ్ చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్ళను పీల్చుకుంటుంది, బేరింగులు పోయేది అక్కడే.

బేరింగులంటే గుర్తొచ్చింది, దారిలో ఒక గ్యారేజీ గ్రీజు మార్చామని బిల్లు ఇచ్చింది. పార్కింగ్‌లో మూత ఊడదీసి చూస్తే లోపల పాత గ్రీజే, పాలు కలిసినట్టు తెల్లగా, అంటే నీళ్ళు చేరినట్టే. వెనక్కి తీసుకెళ్ళి కళ్ళ ముందే చేయించుకున్నాం. ఎవరు చేసినా సరే, ఆగిన ప్రతిచోటా హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటి కన్నా బాగా వేడిగా ఉంటే దానికి రోజులు దగ్గర పడ్డట్టే. టైరు పక్కన ఉండే నాలుగంకెలు కూడా చదవండి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. టైరు మీది గాడులు ఎంత కొత్తగా కనిపించినా వయసు దాగదు.

టెన్షన్ పెట్టింది ఘాట్ దిగుడు. పాత బండిలో బ్రేక్ ఆయిల్ ఏళ్ళ తరబడి మార్చకపోతే తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక ఆ హామీ 140కి పడిపోతుంది. మరిగిందంటే పెడల్ మెత్తబడి నేలకంటుకుంటుంది. అందుకే బయల్దేరే ముందే మార్పించి, దిగేటప్పుడు ఓవర్‌డ్రైవ్ (అన్నిటికన్నా పై గేరు) తీసేసి, వాలు మొదలవక ముందే గేరు తగ్గించాం. బోటు ట్రైలర్లకి ఎక్కువగా ఉండేది బండి నెమ్మదిస్తే తనంతట తాను పట్టుకునే సర్జ్ బ్రేకు. ఇందులో ఒక చిక్కుంది, ఎత్తు మీదికి రివర్స్ చేస్తుంటే అది కూడా బ్రేకేనని పట్టేసుకుంటుంది. రివర్స్ లైటు నుంచి అయిదో తీగ వస్తే వదిలే ఏర్పాటు ఉంటుంది, పాత మోటార్‌హోమ్‌లలో చాలాసార్లు నాలుగు పిన్నుల సాకెట్టే ఉంటుంది. ఆ తీగ వేయించడం పెద్ద పనేం కాదు, రివర్స్‌లో ఎత్తెక్కించి పెట్టాల్సిన సైట్ బుక్ చేసుకునే ముందే వేయించుకోండి.