పవర్ వీల్‌చైర్: కొన్నేళ్లు వాడాక నా మాట

కొనబోయేవాళ్లంతా మైలేజీ, స్పీడు అడుగుతారు. ముందు బరువు అడగండి. నాది లెడ్ యాసిడ్ బ్యాటరీల స్టీలు బండి, యాభై కిలోల పైమాటే. మామూలు చైర్లో ఉన్న రోజుల్లో మెట్లు అడ్డొస్తే ఇద్దరు చెరోవైపు పట్టి ఎత్తేసేవాళ్లు. ఇప్పుడు నలుగురు పట్టినా కష్టమే. అందుకే పాత మడత చైరు అమ్మలేదు. ఫంక్షన్ హాల్లో పెళ్లంటే దాంట్లోనే వెళ్తాను.

అలాగని ఇది వద్దంటానా? మంచినీళ్లకి ఎవర్నీ పిలవక్కర్లేదు. ఎదుటి మనిషి సోది మొదలుపెడితే చల్లగా పక్కగదిలోకి జారుకోవచ్చు. తోసేవాళ్లుంటే ఆ సుఖం ఉండదు!

వెనక చక్రాలకి విడివిడి మోటార్లు. జాయ్‌స్టిక్ (బండిని నడిపే చిన్న పిడి) పక్కకి నొక్కితే ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిరిగి, బండి ఉన్నచోటే మళ్లుతుంది. ఇరుకు వంటింట్లో దీని విలువ తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి కాళ్లూ చేతులూ పడిపోయిన కెనడా సైనికుల కోసం జార్జ్ క్లైన్ అనే ఇంజినీరు 1950ల మొదట్లో చేసిన బండిలోనే జాయ్‌స్టిక్కూ, చక్రానికో మోటారూ ఉన్నాయి. 1956లో అమెరికాలో ఎవరెస్ట్ అండ్ జెన్నింగ్స్ కంపెనీ ఇలాంటివి పెద్దఎత్తున తయారుచెయ్యడం మొదలుపెట్టింది. 1933లో కారులో పట్టే మడత చైరు చేసిన ఎవరెస్ట్, జెన్నింగ్సుల కంపెనీయే అది. ఆ లెక్కన మా ఇంట్లో రెండు చైర్లూ ఒకే వంశం.

ఇక బ్యాటరీలు. పన్నెండు వోల్టులవి రెండు. జాయ్‌స్టిక్ దగ్గర చార్జింగ్ ఎంతుందో చూపించే లైట్లు బండి ఆగి ఉన్నప్పుడు అన్నీ వెలుగుతాయి, నమ్మకండి. ర్యాంపు ఎక్కేటప్పుడు ఎన్ని మిగిలాయో చూడండి, అదీ అసలు లెక్క. ఖాళీ బ్యాటరీని అలాగే వదిలేస్తే పాడవుతుంది కాబట్టి ఊరెళ్లేముందు కూడా చార్జింగ్ పెట్టాల్సిందే. నావి చచ్చినప్పుడు అమ్మినవాళ్లు ఫోనెత్తలేదు. వీధి చివర ఇన్వర్టర్ల షాపు కుర్రాడు అదే సైజువి తెచ్చి బిగించాడు.

ఇంట్లోవాళ్లకి ఒకటి నేర్పండి. మోటార్ల దగ్గర లీవర్లుంటాయి. చేత్తో తొయ్యాలంటే వాటిని విడిపించాలి, కానీ దాంతో బ్రేకు కూడా పోతుంది. సాయం చేద్దామని ఎవరైనా వాలు మీద లీవరు తిప్పితే బండి జారిపోతుంది. మన అపార్ట్‌మెంట్ల ర్యాంపులేమో స్కూటర్లు ఎక్కించడానికి కట్టినవి. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలన్న నియమం ఎవడికి పట్టింది!

చేతుల్లో బలం ఉండి, రోడ్డు మీద తిరగాలనుకునేవాళ్లు 2021లో ఐఐటీ మద్రాసు నుంచి వచ్చిన నియోబోల్ట్ లాంటివి చూడండి. చైరు ముందు తగిలించుకుంటే మోటారు బండి అవుతుంది. నా చేతులకి అది కుదరదు. నా తర్వాతి బండి తేలికగా ఉండే లిథియం బ్యాటరీది, ధర ఎక్కువైనా సరే. షాపులో మాత్రం కనీసం గంటసేపు కూర్చుని చూస్తాను. మెత్తగా కనిపించే సీటుతో పుండ్లు పడితే మోటారు ఎంత మంచిదైతే ఏం లాభం?