మూడో అంతస్తులో ఆదివారం ఆరాధన: అమీర్‌పేట కుర్రాళ్ల సంఘం చూసొచ్చాను

మా అక్క గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "వాడు ఆదివారం గుడికి పోవట్లేదంట, ఏదో కోచింగ్ సెంటర్లో కూడిక పెడితే అక్కడికి పోతున్నాడంట, ఎవరో ఏమిటో, నువ్వొకసారి వెళ్లి చూసి రావే" అని. వాడంటే అక్క కొడుకు. బీటెక్ అయిపోయి ఎస్.ఆర్. నగర్లో హాస్టల్లో ఉంటూ అమీర్‌పేటలో ఏదో కోర్సు చేస్తున్నాడు. అక్క భయం నాకు తెలుసు. మేం క్రైస్తవుల్లో లూథరన్ శాఖ వాళ్లం, 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషను నీడన పెరిగిన ఇళ్లు మావి. గుడి అంటే గంట మోగాలి, పాస్టరుగారు తెల్ల అంగీ వేసుకోవాలి, ఆరాధన క్రమం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నడవాలి. వైట్‌బోర్డు ఉన్న గదిలో ఆరాధనంటే అక్కకే కాదు, నాకూ కొంచెం తేడాగానే అనిపించింది. సరే అని ఒకటికి రెండు ఆదివారాలు వెళ్లొచ్చాను. ఊళ్ల నుంచి పిల్లల్ని హైదరాబాద్ పంపి, ఆదివారం వాళ్లెక్కడికి పోతున్నారో అని టెన్షన్ పడే అమ్మానాన్నలు చాలామంది ఉంటారు కాబట్టి రాస్తున్నాను. సంఘం పేరు మాత్రం రాయను. నలభై మంది కూడా లేని చోటుకి పేరు పెట్టి స్టార్లు వెయ్యడం నాకే బాగోలేదు.

చోటు మైత్రీవనం దగ్గర ఒక సందులో. మామూలు రోజుల్లో అక్కడ కాలు పెట్టలేం, అడుగుకో కుర్రాడు కోర్సుల పాంప్లెట్ చేతిలో పెడతాడు. ఆదివారం ఉదయం ఏడింటికి మాత్రం ఊరు ఖాళీ చేసి పోయినట్టుంటుంది. టిఫిన్ బళ్లు, బకెట్లు పట్టుకుని హాస్టల్ మెట్లు కడిగేవాళ్లు, అంతే. స్కూటీ పెట్టుకోవడానికి చోటు లేదు, బడ్డీ కొట్టాయన్ని బతిమాలి అక్కడ పెట్టాను. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఈ మెట్ల దగ్గరే ఆలోచించుకోవాలి.

లోపల గది ఇరవై బై ముప్పై అడుగులు ఉంటుందేమో. రాసుకోవడానికి చెయ్యి దగ్గర అట్ట ఉంటుంది చూడండి, ఆ కుర్చీలు. గోడ నిండా వైట్‌బోర్డు. బోర్డు ఎడమ సగంలో శనివారం క్లాసులో ఎవరో సారు గీసిన రెండు గుండ్రాలు, ఒకదాని మీదకొకటి ఎక్కి ఉన్నాయి, ఏమిట్రా అంటే డేటాబేస్ పాఠం అన్నాడు మావాడు. దాని పక్కన పెద్దక్షరాలతో చెరపొద్దని రాసి ఉంది. కుడి సగం వీళ్లది. దాని గురించి తర్వాత చెప్తాను.

ఏడు గంటలకని చెప్పారు, మొదలయ్యేసరికి ఏడూ ఇరవై. తొమ్మిదింపావుకల్లా గది ఖాళీ చెయ్యాలి, తొమ్మిదిన్నరకి వీకెండ్ బ్యాచ్ ఉంటుంది. ఈ ఒక్క నియమం వల్ల ఆ సంఘానికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. ప్రసంగం పాతిక నిమిషాల్లో ముగించేవాళ్లని నేను ఈ మధ్యకాలంలో చూడలేదు.

ముందు తిట్టాల్సినవి తిట్టేస్తాను.

సౌండ్. ఆ గదికి ఆ సౌండ్ బాక్సులు ఏమిటి నాయనా! పెళ్లి బరాత్‌లో పెట్టే సైజువి రెండు. ఒక కీబోర్డు, ఒక గిటారు, ప్యాడ్లు, చెక్కపెట్టె మీద కూర్చుని దాన్నే వాయించే ఇంకో అబ్బాయి, పైగా మైకులు నాలుగు. ముప్పై నాలుగు మంది ఉన్నారు (లెక్కపెట్టాను, పాట అర్థం కాక ఇంకేం చెయ్యాలో తోచలేదు), నోరు తెరిచి పాడితే ఆ గది నిండిపోతుంది. మైకులెందుకు? రెండో పాటకి నా గుండె కొట్టుకోవడం ప్యాడ్ల తాళంలోకి మారిపోయింది. మొదటి వారం మూడో పాట నడుస్తుండగా కింద వాచ్‌మన్ పైకొచ్చి చెయ్యి ఊపి వెళ్లాడు, తగ్గించారు, రెండు నిమిషాల్లో మళ్లీ యథాప్రకారం.

రెండోది నాకింకా మంటగా ఉంది. పాటలు తెలుగువి, ప్రొజెక్టర్ మీద వేసేది ఇంగ్లీషు అక్షరాల్లో. అడిగితే "సగం మందికి తెలుగు స్పీడుగా చదవడం రాదు ఆంటీ" అంది పాటలు నడిపించే అమ్మాయి, భీమవరం వైపు పిల్ల. పాపం ఆ పిల్ల అబద్ధమేం చెప్పలేదు, అందరూ ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో లకీ ళకీ తేడా ఉండదు కదా. నా పక్కన కుర్రాడు కళ్లు మూసుకుని, చేతులెత్తి, ఎంతో భక్తిగా "ఈ వేల, ఈ వేల" అని పాడుతున్నాడు. ఈ వేళ అనాలిరా బాబూ, వేలంటే డబ్బులు అని చెవిలో చెబుదామనుకున్నాను. మా అమ్మమ్మ బళ్లో చదువుకోలేదు, బైబిలు చదవాలనే అక్షరాలు దిద్దింది. మా ఇళ్లల్లో చాలామంది ఆడవాళ్ల చదువు అట్లాగే మొదలైంది. ఆ అమ్మమ్మకి ఈ తెర చూపిస్తే ఏమనేదో.

మూడోది, కొత్తవాళ్లని లేపి నిలబెట్టి పేరు, ఊరు చెప్పించి, చప్పట్లు కొట్టి స్వాగతం పాట పాడతారు. నాకు నలభై నాలుగేళ్లు, చిన్నపిల్ల పుట్టినరోజులా అందరి మధ్యా నిలబడటం నావల్ల కాలేదు. బిడియస్తుడైన కుర్రాడైతే రెండో వారం రాడు.

ఇక ప్రార్థన. మా గుళ్లో పాస్టరుగారు చదువుతుంటే మేం ఆమెన్ అంటాం. ఇక్కడ అందరూ ఒక్కసారే, ఎవరిది వాళ్లు, గట్టిగా. ఇద్దరు ముగ్గురు అన్యభాషల్లో, అంటే పరవశంలో వచ్చే, మనకి అర్థంకాని మాటల్లో. మొదటి వారం నాకు ఎటు చూడాలో తెలియలేదు. రెండో వారానికి అలవాటైందని చెప్పను గానీ, ఆ గోలలో ఒక మాట స్పష్టంగా వినపడింది, వెనక వరసలో అమ్మాయి "నాన్న అప్పు, నాన్న అప్పు" అని అదొక్కటే అంటోంది. ఇంకేం అనట్లేదు. ఆ తర్వాత ఆ పద్ధతి మీద జోకులెయ్యాలనిపించలేదు.

వాక్యం చెప్పేది ముప్పై రెండు, ముప్పై మూడేళ్ల మనిషి. వారమంతా ఉద్యోగం చేస్తాడు, ఆదివారం ఇది. పాస్టరుగారూ అని ఎవరూ అనరు, అందరికీ అన్నే. రెండో వారం తీసుకున్న భాగం బైబిల్లో అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం, పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే ఐతుకు అనే కుర్రాడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడతాడే, అది. మేమున్నదీ మూడో అంతస్తే. ఫోన్లో చూసి చదువుతున్న అబ్బాయి "నిద్రాభారమువలన" దగ్గర ఆగిపోయాడు. నిద్రా, భా, నిద్రాభ, అని నాలుగుసార్లు తిప్పి అన్న వైపు చూశాడు. "నిద్ర ఆపుకోలేక తూలాడు, అంతేరా" అన్నాడాయన. ప్రతి వచనానికీ అంతే, పుస్తకం తెలుగులో చదివించడం, వెంటనే ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పడం. అది నాకు బాగా నచ్చింది. సరిగ్గా అప్పుడే మూడో వరసలో ఒకడు గురక. నిజంగా గురక! అందరూ నవ్వు ఆపుకుంటుంటే ఆయన "వాడు నైట్ షిఫ్టు దిగి డైరెక్టుగా ఇటే వచ్చాడు, పడుకోనివ్వండి, కిటికీ దగ్గర లేడుగా" అన్నాడు.

ఈ కథ మీద నేను చిన్నప్పటి నుంచీ విన్న ప్రసంగాలన్నీ ఒకటే, గుళ్లో నిద్రపోతే ఏమవుతుందో చూశారా అని. ఈయన అది చెప్పలేదు. గదిలో దీపాలు చాలా ఉన్నాయని ఆ పుస్తకం రాసిన లూకా చెప్పాడు, అంత వెలుగులో ఒక కుర్రాడు కిటికీ అంచు మీద జోగుతుంటే ఒక్కరూ చూడలేదా, వాణ్ణి లోపలికి జరిగి కూర్చోమని ఎవరూ అనలేదా అని అడిగాడు. పౌలు ప్రసంగం ఆపి కిందికి దిగి వాణ్ణి కౌగిలించుకున్నాడు, బతికాడని చెప్పాడు, మళ్లీ పైకొచ్చి రొట్టె విరిచి తెల్లారేదాకా మాట్లాడాడు, అది వేరే సంగతి. "మన కిటికీలో ఈ వారం ఎవరున్నారు?" అన్నాడు. కానుకల గురించి ఒక్క మాట రాలేదు, రాజకీయం రాలేదు, పక్క మతం మీద మాట రాలేదు. మావాడి రూమ్మేట్ ఒకడు వస్తాడు, హిందువు, వెనక కూర్చుంటాడు, టిఫిన్ కోసమే వస్తానని నాతోనే చెప్పాడు. రెండు వారాల్లో వాడి జోలికి ఎవరూ పోలేదు.

ఇప్పుడు బోర్డు కుడి సగం. అక్కడ ప్రార్థన మనవులు రాస్తారు. పేరులో మొదటి అక్షరం, పక్కన విషయం. ఇంటర్వ్యూ రెండో రౌండు బుధవారం. అమ్మకి డయాలసిస్. హాస్టల్ అడ్వాన్స్ తిరిగి ఇవ్వట్లేదు. చెల్లి ఇంటర్ ఫీజు. ఆఫర్ లెటర్ వచ్చింది, జాయినింగ్ డేటు రాలేదు. మొదటి వారం ఇది చూసి, దేవుణ్ణి హెచ్.ఆర్. డిపార్ట్‌మెంట్ చేశారు అనుకున్నాను. ఇప్పటికీ కొంత అదే అభిప్రాయం, ఒక్క మనవైనా ఉద్యోగం, డబ్బు, జబ్బు కానిది ఉంటే బాగుండేది. కానీ రెండో వారం వెళ్లేసరికి అదే జాబితా మళ్లీ బోర్డెక్కింది, పోయిన వారం ఫోన్లో ఫోటో తీసుకున్నారట. ఒక్కొక్కటీ చదివి ఏమైందని అడిగారు. బుధవారం రెండో రౌండు అబ్బాయి పోయిందన్నాడు. ఎవరూ "దేవుడు ఇంతకంటే మంచిది దాచాడు" అనలేదు, ఒకడు "ఏం అడిగారు?" అన్నాడు. తర్వాత ఒక అక్షరం దగ్గర ఆగారు, ఆ అబ్బాయి రాలేదు. డెంగ్యూ అంట, హాస్టల్లోనే ఉన్నాడట. అక్కడికక్కడే ఇద్దరు లేచారు, ఒకడు టిఫిన్ పార్సిల్, ఒకడు ప్లేట్‌లెట్ల రిపోర్టు తేవడానికి.

పెద్ద చర్చిలు ఇన్ని ఉండగా ఇక్కడికెందుకురా అని మావాణ్ణి మెట్ల మీద అడిగాను. "అక్కడ నేను మూడు వారాలు రాకపోయినా ఎవరికీ తెలీదు పిన్నీ" అన్నాడు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, అక్క మొదట అడిగింది అదే. సంచి తిప్పరు. తలుపు దగ్గర ఒక డబ్బా, దాని మీద క్యూఆర్ కోడ్. నేను స్కాన్ చేసి చూశాను, వ్యక్తిగత పేరు వచ్చింది. ఇది బాలేదు. నెలాఖరు ఆదివారం గది అద్దె, టిఫిన్, ఎవరికిచ్చిన సాయం, అన్నీ లెక్క చదువుతారని చెప్పారు, నమ్ముతాను, అయినా రిజిస్ట్రేషన్ చేయించుకుని సంఘం పేరు మీద ఖాతా తెరవాల్సిందే. ఆయనతోనే అన్నాను. తప్పించుకోకుండా "నిజమే అక్కా, పని పెట్టుకున్నాం" అన్నాడు. చూద్దాం.

టిఫిన్ ఉప్మా, అల్లం చట్నీ. ప్రేమ విందు అని పేరు. ఆరాధన తర్వాత అందరూ కలిసి తినడం బక్త్‌సింగ్ గారు మొదలుపెట్టిన సంఘాల్లో ఎప్పటి నుంచో ఉంది, గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరున్న వాళ్ల మందిరం హెబ్రోనులో చాపల మీద కూర్చుని తిన్నవాళ్లకి తెలుస్తుంది. ఇక్కడ చాపల్లేవు, అట్ట కుర్చీల్లోనే. ప్లేటు పెట్టుకోవడానికి ఆ అట్ట భలే పనికొస్తుంది. అక్కడే తెలిసింది, అందరూ నాలాగే పాత గుళ్ల పిల్లలు. ఒంగోలు బాప్టిస్టు కుర్రాడు, 1878లో గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి నిన్న తనే పక్కనుండి చూసినట్టు చెప్పాడు. వెంటనే మెదక్ అబ్బాయి, మా గుడి అంత పెద్దది మీ దగ్గరుందా, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు అని అందుకున్నాడు. మావాడు ఊరుకుంటాడా, ఫాదర్ హయ్యర్‌ని దింపాడు. ఉప్మా చల్లారిపోయింది. ఇంటి దగ్గర ఇంతింత గుళ్లున్న పిల్లలు ఇక్కడ అద్దె గదిలో తొమ్మిదింపావు అవుతుందేమోనని గోడ గడియారం చూసుకుంటూ ఆరాధన చేస్తున్నారు.

వెళ్లేముందు ఒకడు బోర్డు ఫోటో తీసి కుడి సగం తుడిచాడు. గుండ్రాలకి డస్టరు తగలకుండా, అంచు దాకా వెళ్లి వేలితో తుడిచాడు.

నేను బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు భోజనం, చూడలేదు, అది నెలకి మొదటి ఆదివారం మాత్రమే. కాబట్టి ఈ రివ్యూ పూర్తిది కాదు. ఇప్పటికైతే ప్రసంగానికి అయిదుకి అయిదు, ఒకళ్లనొకళ్లు చూసుకోవడానికి అయిదు, ఉప్మాకి మూడు, తెలుగుకి ఒకటి, సౌండుకి ఏమీ ఇవ్వను. పిల్లల్ని పంపొచ్చా అంటే పంపొచ్చు, ఖాతా సంగతి మాత్రం అడుగుతూ ఉండండి.

మా కీర్తనల పుస్తకంలో చాలా పాటల మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయని చెబితే కీబోర్డు అబ్బాయి నమ్మలేదు, పుస్తకం తీసుకురమ్మన్నాడు. భీమవరం పిల్ల, ఒక్క పాటైనా తెలుగు అక్షరాల్లో తనే టైపు చేసి తెర మీద వేస్తానంది. వచ్చే మొదటి ఆదివారం పుస్తకం తీసుకెళ్తున్నాను. చెవుల్లోకి దూది కూడా.